అడగబోయే ప్రశ్నల పద్దు

ఇంటర్వ్యూ గదిలోంచి బయటికొచ్చినవాణ్ణి వరండాలో కూర్చున్నవాళ్లు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఏమడిగారు?" అతను చెబుతాడు. వినేవాళ్లలో ఒకరు రాసి పెట్టుకుంటారు. ఆ రాత చేతులు మారుతుంది, తర్వాతివాళ్లు కాస్త ధైర్యంగా లోపలికి వెళతారు. కొన్నాళ్లకు లోపలివాళ్లకు సంగతి అర్థమై ప్రశ్నలు మారుస్తారు. కథ మళ్లీ మొదటికొస్తుంది. ఉద్యోగానికి తయారవడమనే పనికి చరిత్ర రాస్తే అందులో సగం ఈ తరుముడే ఉంటుంది.

నేనుండేది సింగపూర్ తూర్పు కొసన, పాసిర్ రిస్‌లో. మా బ్లాక్ కింద గోడల్లేని ఖాళీ జాగాలో రాతిబల్లలుంటాయి. అక్కడ కూర్చుని తెలుగు పిల్లల్ని ఇంటర్వ్యూలకు తయారు చేస్తుంటాను. ఫీజేమీ లేదు. ఎవరో ఒకరు ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకుని "అక్కా, వచ్చేవారం ఇంటర్వ్యూ ఉంది" అని ఫోన్ చేస్తారు. ఈ పని నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన చేసిన పద్ధతిలో చేస్తే మాత్రం ఇప్పుడు పనికిరాదు. ఎందుకు పనికిరాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫలానావాడి మనిషి

అసలు ప్రశ్నలే లేని కాలం ఒకటుండేది. వందేళ్ల కిందట కోస్తా జిల్లాల నుంచి కూలికి రంగూన్ వెళ్లిన మనవాళ్లను ఎవరూ కూర్చోబెట్టి ఏమీ అడగలేదు. మేస్త్రీ మనిషిని ఎగాదిగా చూసేవాడు, ఎవరి తాలూకో కనుక్కునేవాడు, ఓడ చార్జీతో పాటు ఇంట్లో ఇచ్చి వెళ్లడానికి కొంత అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ అడ్వాన్సే అపాయింట్‌మెంట్ ఆర్డరు. అది తీరేదాకా అదే బాండు. రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. కోరంగి రేవు పేరు మీద అక్కడ వీళ్లను కోరంగీలనేవాళ్లు. 1930 మే నెలలో వీళ్లు సమ్మె కడితే వీళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టుకుని, సమ్మె తీరగానే ఆ కొత్తవాళ్లను పొమ్మన్నారు. దాంతో రేవులో చెలరేగిన అల్లర్లలో ఎందరో చచ్చిపోయారు. మలయా రబ్బరు తోటలకైతే కంగాణీ తీసుకెళ్లేవాడు. తోటలకు అలా కూలీలను పంపడాన్ని 1938లో భారత ప్రభుత్వం ఆపింది.

ఆ పద్ధతిలో అర్హత ఒకటే, ఫలానావాడి మనిషి కావడం. నోరు విప్పే పని లేదు కాబట్టి తయారవ్వాల్సిందీ లేదు. గుమాస్తా ఉద్యోగాల్లోనూ చాలాకాలం ఇదే నడిచింది, కాకపోతే అక్కడ మేస్త్రీ బదులు సిఫారసు ఉత్తరం ఉండేది. 1929లో మద్రాసు సర్వీస్ కమిషన్ ఏర్పడింది. దేశంలో మరే రాష్ట్రానికీ అప్పటికి అలాంటిది లేదు. బల్లకు అవతల కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి అడిగితే జవాబు చెప్పి ఉద్యోగం తెచ్చుకోవడమనే ఆలోచన మన జిల్లాల్లో నిలదొక్కుకోవడానికి అది ఒక దారి వేసింది. సింగపూర్‌లో అలాంటి పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1951లో మొదలైంది. బల్ల అడ్డం రాగానే మనిషికి భయం పుట్టింది. భయం పుట్టగానే దాన్ని పోగొట్టే వృత్తులూ పుట్టాయి.

తెనాలి పద్దు

మా నాన్న తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పొడవాటి గది, గోడ వెంబడి రెమింగ్టన్లు, ఒకట్రెండు గోద్రెజ్ మిషన్లు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంటకో బ్యాచ్. ఎ, ఎస్, డి, ఎఫ్, జి అని చిటికెనవేలు నుంచి మొదలుపెట్టి కొన్ని నెలలకు లోయర్ పరీక్షకు పంపేవారు. నిమిషానికి 30 మాటలు కొడితే లోయర్, 45 కొడితే హయ్యర్. పరీక్షల రోజుల్లో మిషన్లను రిక్షాల్లోకెత్తి సెంటరుకు తీసుకెళ్లేవాళ్లు. పక్కన అభ్యర్థి ఒక చెయ్యి మిషను మీద వేసి కూర్చునేవాడు, గతుకుల్లో క్యారేజీ కదిలిపోకుండా.

నాన్న దగ్గర చేరినవాళ్లకు టైపు ఒక్కటే కాదు, ఉద్యోగం కావాలి. 1969లో 14 బ్యాంకుల్నీ, 1980లో ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో 6 బ్యాంకుల్నీ జాతీయం చేశాక పల్లెపల్లెకూ బ్రాంచీలు వచ్చాయి. బ్రాంచీ అంటే క్లర్కులు, క్లర్కులంటే రాతపరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ, పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూస్తూ ఉండే కుర్రాళ్లకు కాల్ లెటర్ వచ్చిందంటే వీధికంతా తెలిసేది. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదు. వాళ్లమ్మ నీళ్లబిందెతో ఎదురు రావాలి. ఇస్త్రీ చొక్కా, కొన్నిసార్లు స్నేహితుడిది, టక్ చేసుకుని గుంటూరో హైదరాబాదో వెళ్లేవాడు.

తిరిగి రాగానే ముందు మా నాన్న దగ్గరికి రావాలి, అది నియమం. ఆయన దగ్గర పొడవాటి పద్దు పుస్తకం ఒకటుండేది. ఎడమవైపు ఫీజు బాకీలు, కుడివైపు పెన్సిలుతో ఇంటర్వ్యూ ప్రశ్నలు. ఏ బ్యాంకు, ఎంతమంది కూర్చున్నారు, ఏమడిగారు, ఈ కుర్రాడేం చెప్పాడు, వాళ్లు ఎలా చూశారు. "బోటనీ చదివి బ్యాంకులో ఏం చేస్తావు?" "మీ నాన్నగారేం చేస్తారు?" "బ్యాంకు రేటంటే ఏమిటి?" "మీ ఊరిని ఆంధ్రా పారిస్ అని ఎందుకంటారు?" రాత్రి ఆఖరి బ్యాచ్ వెళ్లాక నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, కాల్ లెటర్ వచ్చినవాణ్ణి తలుపు దగ్గర్నుంచి నడిపించి, ఆ పద్దులోంచి అడిగేవారు. జవాబు తప్పితే తనే చెప్పి, తప్పు లేకుండా వచ్చేదాకా అనిపించేవారు.

నాన్న పద్దు బాగా పనిచేసింది, చాలా ఇళ్లలో దీపం పెట్టింది. దాని హద్దు కూడా ఒకరోజు తెలిసొచ్చింది. తెనాలి కుర్రాడొకడు ఆంధ్రా పారిస్ ప్రశ్నకు నాన్న నేర్పిన జవాబు గడగడా చెబితే, బోర్డులో ఒకాయన నవ్వి, "బాబూ, ఇది ఈ పొద్దున్నుంచి నాలుగోసారి వింటున్నా. నీకు మీ ఊళ్లో ఏం నచ్చదో చెప్పు" అన్నాడట. ఆ కుర్రాడికి మాట పెగల్లేదు. నాన్న ఆ కొత్త ప్రశ్నను కూడా పద్దులో రాసుకున్నారు. కింద దానికో జవాబు తయారుచేశారు.

ఎడిసన్‌కూ ఇదే బెడద

ఇది తెనాలికే పట్టిన జబ్బేమీ కాదు. 1921లో థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికొచ్చే కాలేజీ కుర్రాళ్లకు దాదాపు 150 ప్రశ్నల పరీక్ష పెట్టాడు. భూగోళం, చరిత్ర, ఏ సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది, అన్నీ అందులోనే. పరీక్ష పోయిన అభ్యర్థి ఒకడు గుర్తున్న ప్రశ్నలన్నీ న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పేశాడు. అవి అచ్చయ్యాయి. దేశమంతా ఇళ్లలో కూర్చుని జవాబులు చెప్పుకుంది, ఎడిసన్ కొత్త ప్రశ్నలు రాసుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే బోస్టన్ వచ్చిన ఐన్‌స్టీన్‌ను శబ్దవేగం ఎంతని ఎవరో అడిగితే, పుస్తకంలో దొరికేదాన్ని తలలో మోసుకు తిరగనన్నాడు.

మన దేశంలో కోర్టులకు కూడా ఈ మౌఖిక పరీక్ష మీద అనుమానం ఉండేది, అయితే వేరే కోణంలో. శ్రీనగర్ ఇంజినీరింగ్ కాలేజీలో రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూకు మొత్తంలో మూడోవంతు మార్కులు ఇచ్చారన్న కేసులో సుప్రీంకోర్టు 1980లో తీర్పు చెబుతూ, 15 శాతం మించితే అది ఇష్టారాజ్యమే అవుతుందంది. 1985లో హర్యానా కేసులో సివిల్ సర్వీసులకు 12.2 శాతం చాలంది. ఇవాళ సివిల్స్‌లో 2025 మార్కులకు ఇంటర్వ్యూవి 275. 2016 జనవరి నుంచి కేంద్రం కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే తీసేసింది. తెలంగాణలో 2022లో 503 గ్రూప్-1 పోస్టుల నోటిఫికేషన్ ఇంటర్వ్యూ లేకుండానే వచ్చింది. సర్కారు ఉద్యోగంలో ఆ బల్ల క్రమంగా చిన్నదవుతోంటే, ప్రైవేటు ఉద్యోగంలో రౌండు మీద రౌండు పెరుగుతూ వచ్చింది.

ఆ రౌండ్లలో ఒకటైన గ్రూప్ డిస్కషన్, కాలేజీల్లో మన పిల్లలు హడలిపోయేది, సైన్యం నుంచి వచ్చింది. 1942లో బ్రిటిష్ సైన్యం ఆఫీసర్ల ఎంపికకు నాయకుడు లేని గుంపును కూర్చోబెట్టి ఎవరు ముందుకొస్తారో చూసే పద్ధతి పెట్టింది. మరుసటేడు అది డెహ్రాడూన్‌కు వచ్చింది. ఇప్పటికీ సర్వీసెస్ సెలక్షన్ బోర్డుల్లో నడుస్తోంది. మిలటరీలో పుట్టిన ఆ గుంపు ఆట మన ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాలు దాకా వచ్చేసరికి, అందరికంటే గట్టిగా అరిచినవాడు గెలుస్తాడన్న అపోహ దానికి తోడైంది.

జిరాక్సు కట్టలు

తొంభైల చివర్లో నేను తెనాలి నుంచి హైదరాబాదు అమీర్‌పేట వచ్చాను. మైత్రీవనం చుట్టుపక్కల ప్రతి మెట్టుదారి మీదా బోర్డులే: మెయిన్‌ఫ్రేమ్, జావా, ఒరాకిల్. వై2కె పుణ్యమా అని కోబాల్ తెలిసినవాడికి పాస్‌పోర్టు ఉంటే చాలన్నట్టుండేది. వందమంది పట్టే హాలులో రెండొందల మంది నిలబడి క్లాసు వినేవాళ్లు. నేను మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నాను. జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్ పేర్లు నోట్లో తిరగడానికే నెల పట్టింది.

క్లాసు అయ్యాక అసలు వ్యాపారం కింద జిరాక్సు షాపుల్లో. కోర్సు మెటీరియల్ ఒక కట్ట, ఇంటర్వ్యూ ప్రశ్నలు ఇంకో కట్ట. ఏ కంపెనీ టెక్నికల్ రౌండులో ఏమడిగిందో వారం తిరక్కుండా అక్కడ దొరికేది. నాకు మొదటిసారి ఆ కట్ట చేతికొచ్చినప్పుడు నాన్న పద్దే స్పైరల్ బైండింగ్ వేసుకుని వచ్చినట్టనిపించింది. ఒక తేడా ఉంది. నాన్న పద్దులో పక్కన అభ్యర్థి పేరుండేది, ఎవరేం చెప్పారో ఉండేది. ఇందులో జవాబులు ఎవరివీ కావు. అందరూ అవే బట్టీ పట్టారు.

బట్టీతో ఆగలేదు. ఫోన్ ఇంటర్వ్యూ వచ్చాక స్పీకరు పెట్టి పక్కన ఇంకొకరు చీటీల మీద జవాబులు రాసివ్వడం, ఆ తర్వాత ఒకరి బదులు మరొకరు మాట్లాడడం మొదలయ్యాయి. దానికి ప్రాక్సీ అని పేరు. చెయ్యని ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టడానికి 'ఫేక్ పెట్టడం' అని మామూలు మాటైపోయింది. అప్పులు చేసి, కట్నం డబ్బు పెట్టి వచ్చినవాళ్లకు ఖాళీగా తిరిగెళ్లే దారి ఉండేది కాదు. మానవశాస్త్రవేత్త సియాంగ్ బియావో హైదరాబాదు, సిడ్నీ, కౌలాలంపూర్ తిరిగి 2007లో అచ్చువేసిన పుస్తకంలో ఈ లోకం మొత్తం ఉంది: కన్సల్టెన్సీలు మనుషుల్ని బెంచి మీద కూర్చోబెట్టి కంపెనీలకు అద్దెకివ్వడం, మన వైపు కట్నాలు ఆ ప్రయాణానికి పెట్టుబడి కావడం. నేను చదివేసరికి అందులో కొత్తగా తెలిసింది తక్కువ, గుర్తుపట్టినవాళ్లు ఎక్కువ. మళ్లీ మేస్త్రీ వచ్చాడు, అడ్వాన్సు వచ్చింది, కాకపోతే ఈసారి మధ్యలో ఒక ఇంటర్వ్యూ ఉంది.

రైలు ఆఖరి స్టేషను

నేను సింగపూర్ వచ్చింది అలాంటి ఒక కన్సల్టెన్సీ ద్వారానే. వై2కె హడావుడి అయిపోయి, అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు మూతపడుతుంటే, చాలామందికి ఇది మజిలీ ఊరు. కొందరం ఉండిపోయాం. తెలుగువాళ్లకు ఇక్కడ ఊతం లేకపోలేదు, సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచీ ఉంది. అయితే మా తరం వచ్చిన దారి వేరు, చేరిన పేటలు వేరు.

పాసిర్ రిస్ ఒకప్పుడు మలయ్ పల్లెలు, సముద్రం ఒడ్డున ధనవంతుల విడిది బంగళాలు ఉన్న చోటు. ఎనభైల్లో ప్రభుత్వ ఇళ్ల సంస్థ హెచ్‌డీబీ వాళ్లు ఇక్కడ కొత్త పట్నం కట్టారు. 1989 డిసెంబరు 16న ఎంఆర్‌టీ వచ్చింది. తూర్పు-పడమర లైన్లో తూర్పున ఇదే ఆఖరి స్టేషను కాబట్టి పొద్దున్నే ఎక్కేవాళ్లకు సీటు దొరుకుతుంది. అద్దె ఊరు మధ్యలోకంటే తక్కువ, పిల్లలకు పార్కు ఉంది. మనవాళ్లు ఇటువైపు చేరడానికి ఇంకో కారణం చాంగీ బిజినెస్ పార్కు. ప్రభుత్వ సంస్థ జేటీసీ దాన్ని 1997లో మొదలుపెట్టింది. 2001లో ఎక్స్‌పో స్టేషను తెరిచాక రాకపోకలు సులువయ్యాయి. డీబీఎస్, స్టాండర్డ్ చార్టర్డ్, సిటీ లాంటి బ్యాంకుల కంప్యూటర్ విభాగాలు అక్కడికి చేరాయి. తెనాలి కుర్రాళ్లు బ్యాంకు కౌంటరు ఉద్యోగానికి తయారైతే, వాళ్ల పిల్లల ఈడువాళ్లు బ్యాంకు సాఫ్ట్‌వేరు ఉద్యోగానికి తయారవుతున్నారు.

ఇంటర్వ్యూ ముందురోజు కొందరు లోయాంగ్ గుడికి వెళతారు. ఎనభైల్లో సముద్రపు ఒడ్డున ఎవరో వదిలేసిన విగ్రహాల్ని చేరదీసి మొదలైన గుడి అది. పేరు చైనీస్ దేవుడు తువా పెక్ కాంగ్‌ది, లోపల వినాయకుడున్నాడు, ఒక ముస్లిం పీరు స్థానమూ ఉంది. వెళ్లొచ్చినవాళ్ల గొంతు మర్నాడు కొంచెం స్థిరంగా ఉండడం నేను గమనించాను. బిందెతో ఎదురొచ్చే అమ్మ ఇక్కడ లేదు కదా.

మారిన ప్రశ్న

ఇక్కడ నేను చాలాకాలం ఒక కంపెనీలో పనిచేశాను, ఇంటర్వ్యూ చేసేవాళ్ల వైపు కూర్చున్నాను. అక్కడే నాకు తెలిసొచ్చింది, నాన్న పద్దు దగ్గర్నుంచి అమీర్‌పేట కట్ట దాకా దేన్నైనా నిరుపయోగం చేసే ప్రశ్న ఒకటి వచ్చిందని. "ఈ పని తెలుసా?" అని అడగరు. "ఈ పని చేసిన ఒక సందర్భం చెప్పండి" అంటారు.

దీని మూలం కూడా యుద్ధకాలంలోనే ఉంది. అమెరికా వైమానిక దళంలో పైలట్ల ఎంపిక మీద పనిచేసిన జాన్ ఫ్లానగన్, మంచి పైలట్ ఎలా ఉండాలని అడిగితే అందరూ గొప్ప గుణాలు చెబుతారనీ, ఫలానా రోజు ఏం జరిగిందని అడిగితే పనికొచ్చే సంగతి బయటపడుతుందనీ గుర్తించాడు. 1954లో ఆ పద్ధతి గురించి వ్యాసం రాశాడు. 1974లో డీడీఐ అనే అమెరికా సంస్థ దాన్ని ఇంటర్వ్యూకు తెచ్చి స్టార్ అని పేరు పెట్టింది: సందర్భమేమిటి, నీ బాధ్యతేమిటి, నువ్వేం చేశావు, ఏమైంది. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూస్తే, అందరినీ ఒకే వరసలో అడిగే ఇంటర్వ్యూకు తర్వాతి పనితీరుతో 0.51 పొంతన ఉంది, తోచినట్టు అడిగేదానికి 0.38. పెద్ద కంపెనీలు ఇటు మొగ్గడానికి ఇలాంటి లెక్కలు బలమిచ్చాయి. గుండ్రటి మ్యాన్‌హోలు మూతల్లాంటి పొడుపుకథలు కాలయాపనేనని గూగుల్ అధికారి లాస్లో బాక్ 2013లో ఒప్పేసుకున్నాడు.

ఈ ప్రశ్న బయటికి పొక్కినా అడిగేవాళ్లకు నష్టం లేదు. ఎడిసన్ ప్రశ్నలు పత్రికలో పడితే పరీక్ష చెడింది. "ఒక సందర్భం చెప్పండి" అన్నది ప్రతి పుస్తకంలోనూ అచ్చై ఉంది, అయినా చెడదు. పక్కవాడి జవాబు నాకు పనికిరాదు కాబట్టి. అరువు కథ చెబితే మూడో ప్రశ్నకు దొరికిపోతారు: "ఆరోజు మీ మేనేజరు ఏమన్నాడు? ఆ సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చింది? మళ్లీ అయితే ఏం మారుస్తారు?" అడిగేకొద్దీ చేసినవాడికి గుర్తొస్తుంది, చెయ్యనివాడికి గొంతెండుతుంది. ఈమధ్య వీడియో ఇంటర్వ్యూల్లో తెర పక్కన జవాబులు రాసిపెట్టే కంప్యూటర్ సాధనాలు వచ్చాయి. చదువుతున్న కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం నేనే చూశాను. అది ప్రాక్సీకి కొత్త అవతారం, దానికీ మందు ఆ మూడో ప్రశ్నే.

రాతిబల్ల దగ్గర

మన పిల్లల ఇబ్బంది వేరే చోట ఉంది. వాళ్ల దగ్గర కథలు లేక కాదు. చెప్పుకోదగ్గవి ఏవో వాళ్లకు తెలియదు.

కాకినాడ అమ్మాయి ఒకామె వచ్చింది. హైదరాబాదులో కొన్నేళ్లు సాఫ్ట్‌వేరు టెస్టింగ్ చేసింది. పెళ్లి, పాప, సింగపూర్, మధ్యలో ఉద్యోగం మానేసింది. బ్యాంకు టెస్టింగ్ లీడ్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. అడిగాను:

"మీ టీమ్‌లో ఎవరితోనైనా తేడా వచ్చిన సందర్భం ఒకటి చెప్పమ్మా."

"అలాంటివేం లేవక్కా. మా టీమంతా చాలా బాగుండేవాళ్లం."

"రిలీజు ఆపమని ఎప్పుడూ అనలేదా?"

కాసేపు ఊరుకుంది. "ఒకసారి అన్నాను. శుక్రవారం రాత్రి రిలీజు. రిఫండు ఒక్కోసారి రెండుసార్లు పడుతోంది. డెవలపర్ అది టెస్ట్ డేటా తప్పన్నాడు. నేను పాత లావాదేవీలు రెండొందలు తీసి మళ్లీ నడిపాను. మూడింట్లో పడింది. ఆ మూడూ వాయిదాల మీద కొన్నవే. మేనేజరు కోప్పడ్డారు గానీ రిలీజు సోమవారానికి జరిపారు."

"మరి ఇది ఎందుకు చెప్పలేదు?"

"అది గొడవ కదక్కా. గొడవ పడ్డానని ఎవరైనా చెప్పుకుంటారా?"

మా నాన్న తరం నేర్పిన మర్యాద అది. తగువు పెట్టుకోకూడదు, సొంత డబ్బా కొట్టుకోకూడదు, పెద్దవాళ్ల ముందు తల వంచుకుని ఉండాలి. పెళ్లిచూపుల్లో, ఊళ్లో, ఆఫీసులో అది మనిషికి విలువ తెచ్చింది. ఈ బల్ల దగ్గర అదే ఆమె చేసిన పనిని కప్పేసింది. ఆమెకు గొప్పలు నేర్పలేదు. జరిగింది జరిగినట్టు, తన వంతు తగ్గించకుండా ఇంగ్లిషులో చెప్పమన్నాను. మొదటిసారి ఆరు నిమిషాలు పట్టింది, అందులో సగం ప్రాజెక్టు పరిచయమే. రెండోసారి లేచి నడుస్తూ చెప్పింది. మూడోసారి మధ్యలో అడ్డుపడి అడిగాను, తడబడకుండా వెనక్కి వచ్చింది. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న చైనీస్ పెద్దాయన అప్పటిదాకా విననట్టే ఉన్నాడు. ఆమె సగంలో ఆపేసరికి తలెత్తి, "అయితే ఆ డబ్బు చివరికి రెండుసార్లు పడిందా లేదా?" అన్నాడు. అప్పుడు చెప్పాను ఆమెకు, కథ సిద్ధమైందని.

మధ్యలో మానేసిన ఏళ్ల గురించి అడిగితే ఏం చెప్పాలన్నది ఆమె అసలు భయం. ఒక్క వాక్యం చాలన్నాను: పాప కోసం ఆగాను, ఈ ఏడాది ఫలానా కోర్సు చేశాను, ఇప్పుడు సిద్ధంగా ఉన్నాను. తలవంచుకోనక్కర్లేదు, సాగదీయనక్కర్లేదు. నాన్న పద్దులో మొదటి పేజీలోనే ఉన్న "మీ నాన్నగారేం చేస్తారు" లాంటివి ఇక్కడ అడగకూడనివి. ఉద్యోగానికి సంబంధం లేని వయసు, పెళ్లి, మతం, పిల్లల సంగతులు అడగొద్దని ఇక్కడి టాఫెప్ సంస్థ మార్గదర్శకాలు ఎప్పట్నుంచో చెబుతున్నాయి. 2025 జనవరిలో ఇక్కడి పార్లమెంటు ఇలాంటి వివక్ష మీద చట్టమే చేసింది. అభ్యర్థికి ఈ సంగతి తెలిసి ఉండడం కూడా ధైర్యమే.

గదికి బయట తేలేవి

ఇంకో సంగతి ముందే చెబుతాను, లేకపోతే ఓడినవాళ్లు అంతా తమ మీదే వేసుకుంటారు. ఇక్కడ ఫలితం మొత్తం ఆ గదిలోనే తేలదు. 2014 నుంచి విదేశీయుల్ని తీసుకోవాలంటే కంపెనీ సాధారణంగా ముందు ప్రభుత్వ పోర్టల్లో ప్రకటన ఇచ్చి కొన్నాళ్లు స్థానికుల కోసం ఆగాలి. భర్త పాస్ మీద వచ్చిన భార్యలు ఒకప్పుడు ఒక అనుమతి లేఖతో పనిచేసేవాళ్లు. 2021 మే 1 నుంచి వాళ్లకూ సొంత వర్క్ పాస్ కావాలి. మా బ్లాకుల్లో ఎంతోమంది చదువుకున్న ఆడపిల్లల ఉద్యోగాలు ఆ ఒక్క నిబంధనతో ప్రశ్నార్థకమయ్యాయి. 2023 సెప్టెంబరు నుంచి కంపాస్ అనే లెక్క వచ్చింది. జీతం, చదువు, కంపెనీలో ఏ దేశంవాళ్లు ఎంతమంది ఉన్నారు, స్థానికులెంతమంది ఉన్నారు అనే నాలుగింటికీ 0, 10 లేదా 20 పాయింట్లు. మొత్తం 40 రావాలి. ఉన్నతోద్యోగుల్లో నాలుగోవంతు ఇప్పటికే మన దేశంవాళ్లయితే మూడో వరసలో మనకు సున్నా. 2025 నుంచి కొత్త ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు నెలకు కనీసం 5,600 డాలర్ల జీతం ఉండాలి, వయసు పెరిగితే అదీ పెరుగుతుంది.

వీటిలో దేన్నీ ఎంత బాగా మాట్లాడినా మార్చలేం. అందుకే తయారీ మొదలుపెట్టేముందు కాగితం మీద రెండు గళ్లు గీయిస్తాను: నా చేతిలో ఉన్నవి, లేనివి. లేనివాటి గురించి హెచ్‌ఆర్ వాళ్లను మొదటి ఫోన్‌లోనే మర్యాదగా అడిగేయమంటాను. అక్కడ కుదరదంటే వారం కలిసొస్తుంది, కుదురుతుందంటే సగం భయం అక్కడే వదులుతుంది.

మిగతా సగం భయానికి మందు పద్దే, కానీ తిరగేసిన పద్దు. నాన్న పుస్తకంలో వాళ్లు అడగబోయేవి ఉండేవి. ఇప్పుడు పిల్లల చేత రాయించేది వాళ్లు చేసినవి: ఫలానా నెల, ఫలానా పని, ఎక్కడ చెడింది, ఎవరు కాదన్నారు, నేనేం చేశాను, ఎంత తేడా వచ్చింది. పది సంఘటనలు ఇలా ఉంటే అడిగేవాళ్లు ఎటునుంచి వచ్చినా వాటిలో ఒకటి సరిపోతుంది. ఉద్యోగంలో ఉండగానే రాసుకోవాలి ఇవి, కాల్ లెటర్ వచ్చాక కూర్చుంటే సగం గుర్తుండవు.

పక్కన కూర్చునే నాలాంటివాళ్ల పని కూడా మారింది. మేస్త్రీ పూచీ పడ్డాడు, నాన్న జవాబు నేర్పారు, అమీర్‌పేట జవాబు అమ్మింది. ఇప్పుడు అభ్యర్థికి కావలసింది విసుగు లేకుండా మూడో ప్రశ్న అడిగే మనిషి. దానికి టెక్నాలజీ తెలిసి ఉండక్కర్లేదు. పక్కింటివాళ్లయినా అడగొచ్చు, భర్త అడగొచ్చు, పదో తరగతి చదివే కూతురు అడగొచ్చు. "తర్వాత ఏమైంది?" అనడం వస్తే చాలు.